మైక్రోవేవ్ తాపనంతో లోహ నానోకణాల సంశ్లేషణ: పద్ధతి కథనంపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
లోహ లవణ ద్రావణాన్ని మైక్రోవేవ్‌తో వేడిచేసి వెండి, బంగారం, పల్లాడియం వంటి లోహాల నానోకణాలను తయారుచేసే పద్ధతి నేడు మన విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లోనూ వాడుకలో ఉంది. ఈ పద్ధతిని వర్ణించే పరిశోధన వ్యాసాలలో “వేగవంతం”, “హరితం” అనే రెండు విశేషణాలు తరచుగా కనిపిస్తాయి. వాటికి ఆధారమైన భౌతిక రాశి ఉష్ణోగ్రత. అదే చాలా సందర్భాలలో పద్ధతి కథనంలో కనబడదు. దాని స్థానంలో వాట్లు, సెకన్లు ఉంటాయి. హైదరాబాదు పరిశోధకులు బంకలతో, పండ్ల తొక్కలతో చేసిన కృషిని ఉదాహరణగా తీసుకొని, మైక్రోవేవ్ సంశ్లేషణలో నిజంగా పనిచేసేది ఏమిటి, దానిని ఎలా నమోదు చేయాలి అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మైక్రోవేవ్‌ను కర్తగా కాక కరణంగా చూడాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

ముఖ్యపదాలు: మైక్రోవేవ్ తాపనం, లోహ నానోకణాలు, ఆటోక్లేవ్, కొండగోగు బంక, హరిత సంశ్లేషణ, పునరావృత్తి, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం:
లోహాన్ని అతిసూక్ష్మ కణాలుగా ద్రవంలో నిలిపి ఉంచే విద్య కొత్తది కాదు. మైకేల్ ఫారడే 1857లో బంగారు లవణాన్ని ఫాస్ఫరస్‌తో క్షయకరణం చేసి ఎర్రని ద్రవాన్ని తయారుచేశాడు. ఆ ఎరుపు రంగుకు కారణం బంగారం అతిసూక్ష్మ కణాలుగా విడిపోయి ఉండటమేనని గుర్తించాడు. 1951లో టర్కెవిచ్ బృందం మరుగుతున్న బంగారు లవణ ద్రావణంలో సిట్రేటును కలిపి కణాలను పొందే విధానాన్ని నిశితంగా అధ్యయనం చేసింది. నేటికీ డిగ్రీ, పీజీ ప్రయోగశాలల్లో చేసి చూపే ప్రయోగం అదే. ఈ పద్ధతులన్నిటికీ మూడు అంగాలు ఉన్నాయి: లోహ లవణం, దానికి ఎలక్ట్రాన్లను ఇచ్చే క్షయకరణి, ఏర్పడిన కణాలు ఒకదానికొకటి అంటుకుపోకుండా కాపాడే స్థిరీకరణ కారకం. చాలా పద్ధతులలో నాలుగో అంగంగా వేడి చేరుతుంది.

ఆ వేడిని అందించే సాధనంగా మైక్రోవేవ్ రసాయనశాస్త్రంలోకి వచ్చింది. రేథియాన్ సంస్థలో రాడార్ పరికరాలపై పనిచేసిన పెర్సీ స్పెన్సర్ 1945లో మైక్రోవేవ్ వంటకు పేటెంటు దరఖాస్తు చేశాడు. వంటింటి ఉపకరణాన్ని కర్బన రసాయన చర్యలకు వాడవచ్చని గెడై బృందం, గిగేర్ బృందం 1986లో వేర్వేరుగా ప్రకటించాయి. ఆ తరువాత ఈ సాధనం అకర్బన పదార్థాల తయారీకీ, లోహ నానోకణాలకూ విస్తరించింది.

ఈ విస్తరణలో తెలుగువారి భాగస్వామ్యం చెప్పుకోదగినది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కొమర్నేని శ్రీధర్ సహచరులతో కలిసి 1992లో మైక్రోవేవ్-హైడ్రోథర్మల్ విధానాన్ని సిరామిక్ చూర్ణాల తయారీకి ప్రతిపాదించారు. 2002లో ఆయన బృందం మైక్రోవేవ్-పాలియోల్ విధానంలో ప్లాటినం, వెండి నానోకణాలను తయారుచేసింది. ఈ రెండు పేర్ల నిర్మాణాన్ని గమనించాలి. “హైడ్రోథర్మల్” అంటే మూసిన పాత్రలో, మరుగు స్థానాన్ని మించిన వేడి నీటిలో చర్య జరపడం. “పాలియోల్” అంటే ఇథిలీన్ గ్లైకాల్ వంటి ద్రవమే ద్రావణిగానూ, క్షయకరణిగానూ పనిచేయడం. రసాయన స్వభావాన్ని తెలిపేది రెండో పదం. మైక్రోవేవ్ అనే మొదటి పదం వేడి వచ్చే దారిని మాత్రమే చెబుతుంది. తరువాతి కాలపు వ్యాసాలలో ఈ రెండో పదం క్రమంగా మరుగున పడి మొదటిదే మిగిలింది. ఈ వ్యాసం చర్చించే సమస్య అక్కడే మొదలవుతుంది.

2. మైక్రోవేవ్ ఏమి చేస్తుంది, ఏమి చేయదు:
ఇళ్లలోనూ, చాలావరకు ప్రయోగశాలల్లోనూ వాడే మైక్రోవేవ్ పౌనఃపున్యం 2.45 గిగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం 12.2 సెంటీమీటర్లు. ఈ తరంగాల ఒక ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో సుమారు లక్షవ వంతు. ఒక మోల్ లెక్కన చూస్తే దాదాపు 1 జౌల్. రసాయన బంధాన్ని తెంచడానికి మోల్‌కు కొన్ని వందల కిలోజౌళ్లు కావాలి. గది ఉష్ణోగ్రత వద్ద అణువులకు సహజంగా ఉండే ఉష్ణశక్తి సైతం ఈ ఫోటాన్ శక్తికి 2,500 రెట్లు ఉంటుంది. కనుక అతినీలలోహిత కిరణం చేసినట్లుగా మైక్రోవేవ్ ఫోటాన్ బంధాన్ని తెంచి చర్యను నేరుగా ప్రారంభించలేదు.

అది చేయగలిగింది వేడి చేయడం. ఇందుకు రెండు మార్గాలు ఉన్నాయి. నీరు, ఆల్కహాలు వంటి ధ్రువ అణువులు మారుతున్న విద్యుత్ క్షేత్రానికి అనుగుణంగా తిరగబోయి, క్షేత్రం కంటే కొంత వెనుకబడి, ఆ శక్తిని చుట్టుపక్కల అణువులకు వేడిగా పంచుతాయి. ద్రావణంలోని అయాన్లు క్షేత్రంతోపాటు ముందుకూ వెనుకకూ కదులుతూ, ఇతర అణువులను ఢీకొని వేడిని పుట్టిస్తాయి. ఒక ద్రవం మైక్రోవేవ్‌ను ఎంత బాగా వేడిగా మార్చుకుంటుందో తెలిపే కొలత నష్ట గుణకం. 20 డిగ్రీల వద్ద అది ఇథిలీన్ గ్లైకాల్‌కు 1.350, ఇథనాల్‌కు 0.941, నీటికి 0.123, టోలీన్‌కు 0.040. నీటి కంటే గ్లైకాల్ పది రెట్లకు మించిన గుణకం కలిగి ఉండటం, దాని మరుగు స్థానం 197 డిగ్రీలు కావటం వల్లనే పాలియోల్ విధానానికీ మైక్రోవేవ్‌కూ చక్కగా పొత్తు కుదిరింది.

దీనివల్ల కలిగే మేలు నిజమైనదే. పాత్ర గోడ ద్వారా కాక ద్రవంలోనే వేడి పుడుతుంది. ఉష్ణోగ్రత త్వరగా పెరుగుతుంది. 1950లో లామెర్, డైనెగర్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం ద్రావణంలో లోహ పరమాణువులు ఒక అవధిని దాటి పేరుకున్నప్పుడు బీజకణాలు ఒక్కసారిగా ఏర్పడతాయి. ఆపైన అవి పెరగడమే మిగులుతుంది. బీజకణాలన్నీ కొద్ది వ్యవధిలో ఏర్పడితే చివరి కణాల పరిమాణంలో తేడాలు తగ్గుతాయి. వేగంగా వేడెక్కడం ఇందుకు తోడ్పడగలదు. అయితే ఈ వాదం ద్రావణమంతా ఒకేలా వేడెక్కినప్పుడే నిలుస్తుంది. నీటిలోకి మైక్రోవేవ్ చొచ్చుకుపోయే లోతు సుమారు 2 సెంటీమీటర్లే. వంటింటి పొయ్యి లోపల తరంగాలు గోడలకు తగిలి తిరిగివచ్చి ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా కలుస్తాయి. పళ్లెం తిరగడం ఆ తేడాను సరాసరి చేస్తుందే తప్ప తొలగించదు. కలియబెట్టకుండా వేడిచేసిన బీకరులో “ఏకరూప తాపనం” జరిగిందని రాయాలంటే దానికి వేరే రుజువు కావాలి.

3. స్థానిక కృషి — కొండగోగు బంక, సీతాఫలం తొక్క:
ఈ చర్చ సికింద్రాబాదు పరిశోధక విద్యార్థికి దూరపు విషయం కాదు. యాప్రాల్ నుంచి సైనిక్‌పురి మీదుగా కొద్ది కిలోమీటర్లు వెళ్తే ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతం వస్తుంది. భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన జాతీయ పదార్థ సంఘటన నిర్ధారణ కేంద్రం అక్కడే ఉంది. ఆ కేంద్రానికి చెందిన కోరా అరుణజ్యోతి, జె. అరుణాచలం, ఉస్మానియా విశ్వవిద్యాలయ జీవరసాయనశాస్త్ర విభాగానికి చెందిన ఆర్.బి. శశిధర్ కలిసి 2010లో కొండగోగు బంకతో వెండి నానోకణాల తయారీని ప్రకటించారు. కొండగోగు మన పొడి అడవుల చెట్టు. దాని కాండం నుంచి కారే బంకలోని పాలీశాకరైడ్లే క్షయకరణిగానూ, స్థిరీకరణ కారకంగానూ పనిచేశాయి. విడిగా మరో రసాయనం అవసరం కాలేదు. బంక గాఢత, లవణ గాఢత, కాలం వంటివాటిని సవరించి సుమారు 3 నానోమీటర్ల గోళాకార కణాలను పొందగలిగారు.

ఇందులో వేడి మైక్రోవేవ్ నుంచి కాక ఆటోక్లేవ్ నుంచి వచ్చింది. 121 డిగ్రీలు, చదరపు అంగుళానికి 15 పౌన్ల పీడనం. ఈ రెండు అంకెలు ఒకదానినొకటి ధ్రువీకరిస్తాయి. వాతావరణ పీడనంపై 15 పౌన్లు అదనంగా ఉన్న సంతృప్త నీటియావిరి ఉష్ణోగ్రత 121 డిగ్రీలే. ఆవిరిలో గాలి కలిసి ఉంటే తప్ప అది మారదు. వరంగల్లులోని సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాలలో ఉన్న ఆటోక్లేవ్ కైనా, జపానులోని ఆటోక్లేవ్ కైనా ఈ మాట ఒకే అర్థాన్ని ఇస్తుంది. ఆ వాక్యాన్ని చదివిన మరో పరిశోధకుడు పరికరం తయారీదారు ఎవరన్న ప్రశ్న లేకుండానే ప్రయోగాన్ని మళ్లీ చేయవచ్చు. 2012లో అరుణజ్యోతి బృందమే చిరుమాను బంకతో వెండి నానోకణాలను తయారుచేసినప్పుడూ ఆటోక్లేవ్‌నే వాడింది.

రెండో ఉదాహరణ సీతాఫలం. ఉస్మానియా విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగ పరిశోధకులు 2018లో సీతాఫలం తొక్క సారంతో, మైక్రోవేవ్ సాయంతో బంగారు నానోకణాలను తయారుచేసి, కాలుష్యకారక కర్బన పదార్థాల క్షయకరణానికి ఉత్ప్రేరకంగా వాడారు. పాలమూరు సీతాఫలం రుచి తెలిసినవారికి ఈ ఎంపికలోని ఔచిత్యం వెంటనే బోధపడుతుంది: పారవేసే తొక్కకు ఒక ప్రయోజనం ఏర్పడింది. ఆ వ్యాస శీర్షికలోనే “మైక్రోవేవ్ సాయం”, “వేగవంతం”, “హరితం” అన్న మూడు మాటలూ ఉన్నాయి. ఈ మూడు మాటల కూర్పు ఆ ఒక్క వ్యాసానికే పరిమితం కాదు. ఈ రంగంలో దేశమంతటా, ప్రపంచమంతటా వెలువడుతున్న వ్యాసాల శీర్షికలకు అదొక మూసగా స్థిరపడింది. కనుక ఇకపై చేయబోయే విమర్శ ఏ ఒక్క వ్యాసంపైనా కాక ఆ మూసపై అని గ్రహించాలి.

4. వాట్లు, సెకన్లు — లోపించిన ఉష్ణోగ్రత:
మైక్రోవేవ్ సంశ్లేషణ వ్యాసాలలో పద్ధతి విభాగం తరచుగా ఈ ధోరణిలో సాగుతుంది: ఇంత లవణ ద్రావణం, ఇంత మొక్క సారం కలిపి, గృహోపయోగ మైక్రోవేవ్‌లో 800 వాట్ల వద్ద 60 సెకన్లు ఉంచగా రంగు మారింది. ఈ వాక్యం పాఠకుడికి సరిపడా సమాచారం ఇచ్చినట్లే అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే అలా లేదని తేలుతుంది.

50 మిల్లీలీటర్ల నీటి ద్రావణాన్ని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి కావలసిన శక్తి దాదాపు 15,700 జౌళ్లు. 800 వాట్లూ ద్రావణంలోకే చేరాయనుకుంటే 20 సెకన్లలోనే అది మరుగుతుంది. మిగిలిన 40 సెకన్లలో చేరే శక్తి 32,000 జౌళ్లు. 100 డిగ్రీల వద్ద 1 గ్రాము నీరు ఆవిరి కావడానికి 2,257 జౌళ్లు కావాలి కనుక 14 గ్రాముల నీరు ఆవిరైపోతుంది. 50 మిల్లీలీటర్లు 36 అవుతాయి. ద్రావణ గాఢత దాదాపు 39 శాతం పెరుగుతుంది. అదే ద్రావణంలోకి సగం శక్తి, అంటే 400 వాట్లు మాత్రమే చేరాయనుకుందాం. మరగడానికి 39 సెకన్లు పడుతుంది. మిగిలిన 21 సెకన్లలో 4 గ్రాములకు లోపే ఆవిరవుతుంది. గాఢత 8 శాతమే పెరుగుతుంది. మొదటి సందర్భంలో ద్రావణం 40 సెకన్లు మరిగింది, రెండో సందర్భంలో 21 సెకన్లు. “800 వాట్లు, 60 సెకన్లు” అనే ఒకే వాక్యం ఈ రెండు భిన్నమైన ప్రయోగాలనూ వర్ణిస్తుంది.

ఈ తేడా ఊహాత్మకం కాదు. ద్రావణంలోకి చేరే శక్తి దాని ఘనపరిమాణం, పాత్ర ఆకారం, పొయ్యిలో దానిని ఉంచిన చోటు, అందులోని అయాన్ల గాఢత వంటివాటిని బట్టి మారుతుంది. కొద్దిపాటి ద్రావణం పొయ్యి ఇచ్చే శక్తినంతా పీల్చుకోలేదు. మొక్క సారంలోని ఖనిజ లవణాలు మారితే వేడెక్కే తీరూ మారుతుంది. మరో చిక్కు శక్తి స్థాయిలది. సాధారణ గృహోపయోగ పొయ్యిలో “50 శాతం” అని ఎంచుకుంటే మాగ్నెట్రాన్ సగం బలంతో పనిచేయదు. కొన్ని సెకన్లు పూర్తి బలంతో పనిచేసి, మరికొన్ని సెకన్లు ఆగిపోతుంది. అన్నం వేడి చేసుకోవడానికి ఈ తేడా పట్టదు. 30 సెకన్లలో ముగిసే రసాయన చర్యకు మాత్రం ఆ ఆగిన సెకన్లు ఎప్పుడు వచ్చాయన్నది ఫలితాన్ని మారుస్తుంది.

ప్రయోగశాల కోసం తయారైన మైక్రోవేవ్ రియాక్టర్లలోనూ కొలతను యథాలాపంగా స్వీకరించకూడదు. పాత్ర వెలుపలి గోడను చూసే పరారుణ సెన్సారు చూపే అంకె, ద్రవంలో ముంచిన ఫైబర్ ఆప్టిక్ సెన్సారు చూపే అంకె ఒకటి కాకపోవచ్చు. సరిగా కలియబెట్టని ద్రావణంలో ఈ అంతరం ఇంకా పెరుగుతుంది. ఏ సెన్సారుతో, ఎక్కడ కొలిచారో రాయని ఉష్ణోగ్రత సగం సమాచారమే.

నానోకణాల విషయంలో ఈ లోపం మరింత బరువైనది. కర్బన సంశ్లేషణలో ఉష్ణోగ్రత కాస్త మారితే దిగుబడి తగ్గవచ్చు, పెరగవచ్చు. ఏర్పడే అణువు మాత్రం అదే. నానోకణాల తయారీలో ఉత్పన్నం స్వరూపమే మారిపోతుంది. కణ పరిమాణం, ఆకారం, వాటి విస్తృతి బీజకణాలు ఏర్పడే వేగాన్నీ, పెరిగే వేగాన్నీ ఆశ్రయించి ఉంటాయి. ఆ రెండు వేగాలూ ఉష్ణోగ్రతను ఆశ్రయించి ఉంటాయి. వెండి కణాలకు 400 నానోమీటర్ల పైన, బంగారు కణాలకు 520 నానోమీటర్ల దగ్గర శోషణ శిఖరం కనబడినంత మాత్రాన కణాలు ఏర్పడ్డాయని చెప్పవచ్చు గాని, ఒకే పరిమాణంలో ఏర్పడ్డాయని చెప్పలేము. సూక్ష్మజీవనాశక గుణం, ఉత్ప్రేరక గుణం వంటివన్నీ పరిమాణంతో ముడిపడినవే. కనుక తయారీలో ఉష్ణోగ్రత తెలియకపోతే తరువాతి విభాగాలలోని ఫలితాల పునాది కూడా సడలుతుంది.

5. “వేగవంతం” — దేనితో పోల్చి?
మైక్రోవేవ్ సంశ్లేషణ ప్రత్యేకతగా అందరూ చెప్పేది వేగం. గది ఉష్ణోగ్రత వద్ద గంట పట్టిన చర్య మైక్రోవేవ్‌లో అర నిమిషంలోపే ముగిసిందన్నది సాధారణమైన పోలిక. ఈ పోలికను స్థూలమైన ఒక లెక్కతో పరీక్షించవచ్చు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యా వేగం రెట్టింపవుతుందన్నది విద్యార్థులందరికీ తెలిసిన సూత్రం. 25 నుంచి 100 డిగ్రీలకు 75 డిగ్రీల తేడా. వేగం దాదాపు 180 రెట్లు పెరుగుతుంది. అంటే 25 డిగ్రీల వద్ద గంట పట్టే చర్య 100 డిగ్రీల వద్ద 20 సెకన్లలో ముగుస్తుంది. ఈ 20 సెకన్లను వివరించడానికి మైక్రోవేవ్ ప్రత్యేక ప్రభావం ఏదీ అవసరం లేదు. వేడి ఒక్కటే చాలు. పొయ్యి మీద మరిగించినా అదే వేగం రావాలి.

కాబట్టి గది ఉష్ణోగ్రతతో పోల్చడం మైక్రోవేవ్ గుణాన్ని నిరూపించదు. వేడి గుణాన్ని మాత్రమే నిరూపిస్తుంది. న్యాయమైన పోలిక ఒక్కటే: అదే ద్రావణాన్ని, అదే ఉష్ణోగ్రతకు, సాధ్యమైనంత అదే వేగంతో, ఆయిల్ బాత్‌లో వేడిచేసి చూడటం. ఆస్ట్రియాలో గ్రాజ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలివర్ కాపే బృందం 2009లో ఈ ప్రశ్నకు తెలివైన సమాధానం కనుగొంది. సిలికాన్ కార్బైడ్‌తో చేసిన పాత్ర మైక్రోవేవ్‌ను తానే పీల్చుకొని వేడెక్కుతుంది. లోపలి ద్రావణానికి క్షేత్రం దాదాపు తగలదు. గాజు పాత్రలో క్షేత్రమూ వేడీ రెండూ ఉంటాయి. సిలికాన్ కార్బైడ్ పాత్రలో వేడి మాత్రమే ఉంటుంది. ఒకే ఉష్ణోగ్రత క్రమాన్ని పాటించినప్పుడు రెండు పాత్రలలోనూ ఫలితాలు సరిసమానంగా వచ్చాయి. 2013లో అదే బృందం మైక్రోవేవ్ ప్రభావాలు వాస్తవమా, కల్పనా అన్న ప్రశ్నను విస్తృతంగా సమీక్షించి, ఉష్ణేతర ప్రభావాలుగా ప్రకటితమైనవాటికి ఉష్ణోగ్రత కొలతలోని లోపాలు ప్రధాన కారణమని వాదించింది.

ఆ పరీక్షలు ప్రధానంగా కర్బన చర్యలపై జరిగాయి; లోహ కణాల విషయం వేరు కదా అన్న అభ్యంతరం రావచ్చు. లోహ కణం తానే మైక్రోవేవ్‌ను పీల్చుకొని చుట్టూ ఉన్న ద్రవం కంటే ఎక్కువగా వేడెక్కుతుందన్న ఊహ ఆకర్షణీయమైనది. అయితే 10 నానోమీటర్ల కణం నుంచి వేడి చుట్టూ ఉన్న నీటిలోకి పాకడానికి నానోసెకనులోపు కాలం చాలు. అంత చిన్న కణం చుట్టూ ఉన్న నీటి కంటే గణనీయంగా వేడిగా నిలిచి ఉండటం కష్టం. పాత్ర గోడపై పూతగా పేరుకున్న లోహం సంగతి వేరు. అది స్థానికంగా మితిమీరి వేడెక్కవచ్చు, మెరుపులు పుట్టించవచ్చు, గాజును పగలగొట్టవచ్చు. అది కూడా వేడి కథే. ఇంకా చెప్పాలంటే ప్రమాద హెచ్చరిక.

6. “హరితం” — లెక్క ఎక్కడి నుంచి మొదలవ్వాలి?
హరిత రసాయనశాస్త్రానికి అనస్తాస్, వార్నర్ 1998లో పన్నెండు సూత్రాలను నిర్దేశించారు. విషరహిత రసాయనాల వాడకం, శక్తి పొదుపు, పునరుద్ధరణీయ ముడిపదార్థాలు వాటిలో కొన్ని. బంకలు, తొక్కలు, ఆకులు వాడే పద్ధతులు సోడియం బోరోహైడ్రైడ్ వంటి తీవ్ర క్షయకరణుల అవసరాన్ని తప్పిస్తాయి. ఇది కాదనలేని మేలు. శక్తి పొదుపు విషయంలో మాత్రం లెక్క నిమిషాలతో ముగియదు. గృహోపయోగ మైక్రోవేవ్ గోడ నుంచి తీసుకునే విద్యుత్తులో కొంత భాగమే మైక్రోవేవ్‌గా మారుతుంది. దానిలోనూ కొంత భాగమే ద్రావణానికి చేరుతుంది. మోస్లీ, కాపే 2011లో చేసిన పరిశీలన ప్రకారం చిన్న ప్రయోగశాల స్థాయిలో మైక్రోవేవ్ దానంతటదే శక్తిని పొదుపు చేస్తుందన్న మాట సాధారణ సత్యంగా నిలబడదు. మూసిన పాత్రలో ఎక్కువ ఉష్ణోగ్రతకు తీసుకువెళ్లి కాలాన్ని తగ్గించినప్పుడు మిగులు కనిపించవచ్చు; ఆ మిగులుకు మూలం ఆ ఉష్ణోగ్రతే.

మొక్క సారంతో చేసే సంశ్లేషణలో మరో అంశం ఉంది. 60 సెకన్ల మైక్రోవేవ్‌కు ముందు తొక్కలను కడగడం, ఆరబెట్టడం, పొడి చేయడం, నీటిలో మరిగించడం, వడగట్టడం ఉంటాయి. తరువాత సెంట్రిఫ్యూజ్‌లో పలుమార్లు కడగడం, ఆరబెట్టడం ఉంటాయి. గంటల తరబడి సాగే ఈ పనుల నడుమ ఒక్క నిమిషపు దశను మాత్రమే చూపి మొత్తం ప్రక్రియను “వేగవంతం”, “శక్తి పొదుపు” అనడం పూర్తి చిత్రం కాదు.

సారం నిలకడ మరొక ప్రశ్న. సీతాఫలం శరదృతువు పంట. కాయ పక్వత, నేల, నిల్వ కాలాన్ని బట్టి తొక్కలోని ఫినాలిక్ పదార్థాల పాళ్లు మారుతాయి. బంక కూడా చెట్టును బట్టి, సేకరించిన రుతువును బట్టి మారుతుంది. అడవిలో బంక సేకరించే గిరిజనులకు ఈ తేడా బాగా తెలుసు. రంగును, శుభ్రతను బట్టి బంకను వేరుచేస్తేనే ధర పలుకుతుంది. వారు పాటించే ఆ వర్గీకరణపాటి సమాచారమైనా మన పద్ధతి విభాగాలలో ఉండాలి. సారం స్వభావమూ తెలియక, ఉష్ణోగ్రతా తెలియక చేసిన సంశ్లేషణలో రెండు చరరాశులు ఒకేసారి అదుపు తప్పి ఉంటాయి. ఫలితం మారినప్పుడు కారణం ఏదో తేల్చే మార్గం మూసుకుపోతుంది.

7. పరిభాష — కర్త, కరణం:
ఈ సమస్యకు భాషాపరమైన కోణం కూడా ఉంది. తెలుగులో మైక్రోవేవ్‌కు “సూక్ష్మతరంగం” అన్న అనువాదం వాడుకలో ఉంది. 12.2 సెంటీమీటర్ల తరంగంలో సూక్ష్మత రేడియో తరంగాలతో పోల్చినప్పుడే అర్థవంతం. నానోకణాల సందర్భంలో “సూక్ష్మతరంగం” అనగానే కణ పరిమాణానికి తగిన తరంగమేదో నేరుగా కణంపై పనిచేస్తున్నదన్న భ్రమ కలుగుతుంది. నిజానికి 10 నానోమీటర్ల కణం కంటే ఆ తరంగం కోటి రెట్లకు పైగా పొడవైనది. ఈ భ్రమకు తావివ్వని “మైక్రోవేవ్” అన్న అన్యదేశ్యమే ఇక్కడ మేలు. ఈ వ్యాసంలో దానినే వాడడం జరిగింది.

అంతకంటే ముఖ్యమైనది విభక్తి. తెలుగులో తృతీయా విభక్తి కర్తనూ సూచిస్తుంది, కరణాన్నీ సూచిస్తుంది. “రాముని చేత కొట్టబడెను” అన్నప్పుడు రాముడు కర్త. “బాణముతో కొట్టెను” అన్నప్పుడు బాణం కరణం. “మైక్రోవేవ్ ద్వారా సంశ్లేషణ”, “మైక్రోవేవ్ ప్రేరిత సంశ్లేషణ” వంటి సమాసాలు మైక్రోవేవ్‌ను కర్త స్థానంలో నిలబెడతాయి. “మైక్రోవేవ్ తాపనంతో సంశ్లేషణ” అన్నప్పుడు అది కరణమవుతుంది; చర్యను నడిపేది వేడి అని స్పష్టమవుతుంది. “తాపనం” అనే ఒక్క పదం కలపడం వల్ల తరువాతి ప్రశ్న తప్పనిసరి అవుతుంది: ఎంత వేడి? ఆ ప్రశ్నకు సమాధానం డిగ్రీలలోనే ఇవ్వాలి, వాట్లలో ఇవ్వడం కుదరదు. తెలుగులో విజ్ఞానశాస్త్ర పాఠ్యగ్రంథాలు, సిద్ధాంత వ్యాసాల సారాంశాలు రాసేవారు ఈ చిన్న మార్పును పాటిస్తే భావ స్పష్టత పెరుగుతుంది.

8. ఆచరణకు సూచనలు:
ప్రత్యేక మైక్రోవేవ్ రియాక్టరు ఖరీదైనది. అనుబంధ కళాశాలల ప్రయోగశాలలకు అది అందుబాటులో ఉండదన్నది వాస్తవం. గృహోపయోగ పొయ్యితో పనిచేసే విద్యార్థిని తక్కువచేసి చూడటం ఈ విమర్శ ఉద్దేశం కాదు. ఖర్చు లేకుండా పాటించగల పద్ధతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, పొయ్యిని కొలవడం. ప్రయోగంలో వాడే పాత్రలోనే, వాడే ఘనపరిమాణంలోనే, పాత్రను ఉంచే చోటే నీటిని మరగకముందే ఆపేలా వేడిచేసి, బయటకు తీసిన వెంటనే కలియబెట్టి ఉష్ణోగ్రత చూడాలి. ఉదాహరణకు 250 గ్రాముల నీరు 60 సెకన్లలో 30 డిగ్రీలు వేడెక్కితే చేరిన శక్తి సుమారు 520 వాట్లు. పొయ్యిపై 800 అని ఉన్నా వ్యాసంలో రాయవలసింది ఈ అంకె. రెండవది, ద్రావణాన్ని ముందూ వెనుకా తూచడం. ఆవిరైన నీరు ఎంతో దీనివల్ల తెలుస్తుంది. మూడవది, అదే ద్రావణాన్ని వేడినీటి తొట్టిలోనో ఆయిల్ బాత్‌లోనో అదే ఉష్ణోగ్రతకు వేడిచేసి పోల్చడం. నాలుగవది, కనీసం మూడుసార్లు ప్రయోగాన్ని మళ్లీ చేసి, శోషణ శిఖర స్థానంలోనూ వెడల్పులోనూ వచ్చిన తేడాను పట్టికలో చూపడం. ఐదవది, సారం వివరాలు: సేకరించిన స్థలం, నెల, ఆరబెట్టిన తీరు, మొత్తం ఫినాలిక్ పదార్థాల పాళ్లు, పీహెచ్.

భద్రత విషయంలో రెండు మాటలు తప్పనిసరి. మండే ద్రావణులను గృహోపయోగ పొయ్యిలో వేడిచేయకూడదు, మూతబిగించిన సీసాలను అసలే పెట్టకూడదు. 1986 నాటి తొలి ప్రయోగాలలోనే పాత్రలు పేలిన ఉదంతాలు ఉన్నాయి. ప్రయోగానికి వాడిన పొయ్యిని మళ్లీ ఆహారానికి వాడకూడదు. అమోనియా కలిపిన వెండి లవణ ద్రావణాలను నిల్వ ఉంచితే పేలుడు స్వభావంగల పదార్థాలు ఏర్పడతాయన్న సంగతినీ విద్యార్థులకు ముందే చెప్పాలి.

వీటన్నిటికీ మించి, మైక్రోవేవ్ నిజంగా అవసరమా అన్న ప్రశ్నను ప్రయోగానికి ముందే వేసుకోవాలి. నీటి ద్రావణంలో 121 డిగ్రీలు చాలుననుకుంటే సూక్ష్మజీవశాస్త్ర విభాగంలోని ఆటోక్లేవ్ ఆ ఉష్ణోగ్రతను కచ్చితంగా ఇస్తుంది. కొండగోగు బంకపై జరిగిన కృషి అందుకు నిదర్శనం. గ్లైకాల్ వంటి ద్రావణిలో 150 డిగ్రీలకు పైగా, నిమిషాలలో, అదుపు తప్పకుండా వెళ్లాలనుకున్నప్పుడు మైక్రోవేవ్ రియాక్టరుకు సాటి తక్కువ.

9. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. మైక్రోవేవ్ లోహ నానోకణాల సంశ్లేషణలో వేడిని అందించే సాధనం. అది స్వయంగా రసాయన చర్యను నడుపుతుందనడానికి ఫోటాన్ శక్తి లెక్కలు గాని, సిలికాన్ కార్బైడ్ పాత్రల పరీక్షలు గాని ఆధారం ఇవ్వవు.

2. వాట్లు, సెకన్లు మాత్రమే ఉన్న పద్ధతి కథనం ఒకటి కంటే ఎక్కువ ప్రయోగాలను సూచిస్తుంది. ద్రావణ ఉష్ణోగ్రత, ఘనపరిమాణం, ఆవిరి నష్టం చేర్చినప్పుడే అది మళ్లీ చేసి చూడదగిన పద్ధతి అవుతుంది.

3. “వేగవంతం” అన్న విశేషణానికి అదే ఉష్ణోగ్రత వద్ద చేసిన సంప్రదాయ తాపనంతో పోలిక, “హరితం” అన్న విశేషణానికి సారం తయారీ నుంచి కణాలను కడగడం వరకు మొత్తం శక్తి లెక్క ఆధారం కావాలి.

4. కొండగోగు, చిరుమాను బంకలతో హైదరాబాదులో జరిగిన ఆటోక్లేవ్ పరిశోధన, సాధారణ పరికరంతోనూ కచ్చితమైన పద్ధతి సాధ్యమని చూపింది. మైక్రోవేవ్ పరిశోధన ఆ కచ్చితత్వాన్ని అందుకోవాలి.

5. తెలుగులో ఈ విధానాన్ని “మైక్రోవేవ్ తాపన సంశ్లేషణ” అని వ్యవహరించడం సముచితం. పరిశోధక విద్యార్థులు తమ సిద్ధాంత గ్రంథాలలో ఈ పేరును, దానితోపాటు ఉష్ణోగ్రత వివరాలనూ చేర్చాలి. ఆచార్యులు, పరీక్షకులు సిద్ధాంత గ్రంథాలను పరిశీలించేటప్పుడు మైక్రోవేవ్ ప్రయోగాలకు ఉష్ణోగ్రత వివరాలను తప్పనిసరిగా అడగాలి.